తిరిగొచ్చే తేదీ తెలియనివాళ్లు

అట్టపెట్టెకు నైలాన్ తాడు నాలుగు చుట్లు చుట్టి, పైన నల్ల మార్కర్‌తో పేరూ కువైట్ ఫోన్ నంబరూ రాశాడు. లోపల గోంగూర పచ్చడి, మురుకులు, నెల్లూరులో కొన్న మలై కాజా. ఆ పెట్టెనీ ఒక సూట్‌కేసునీ ట్రాలీ మీద పెట్టుకుని, గేటు దగ్గర జవానుకి టికెట్టూ పాస్‌పోర్టూ చూపించి, నాకు చెయ్యి ఊపి లోపలికి వెళ్లాడు మా వీధి కుర్రాడు. పదో తరగతిలో నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడు, ఇప్పుడు కువైట్‌లో డ్రైవరు. కావలి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకి కారులో నాలుగున్నర గంటలు పట్టింది. అర్ధరాత్రి దాటింది. ఒక టీ తాగి వెనక్కి బయల్దేరదామని అనుకుంటుండగానే ఫోన్ వచ్చింది.

“సార్, నా టికెట్టు లేదంటున్నారు సార్.”

టికెట్టు ఉంది. కారులో నేనే చేత్తో పట్టుకుని చూశాను. కువైట్ నుంచి చెన్నైకి, మళ్లీ చెన్నై నుంచి కువైట్‌కి, రానూపోనూ కలిపి ఒకే టికెట్టు. సెలవుకి రెండు నెలల ముందే మన లెక్కలో 26 వేలు పెట్టి కొన్నాడు. తీరా సెలవు ఇంకో పది రోజులుందనగా వాళ్ల నాన్న పోయాడు. ఆ రాత్రి దొరికిన వేరే విమానంలో హైదరాబాద్ వచ్చి, అక్కడి నుంచి కారు మాట్లాడుకుని ఇల్లు చేరాడు. ఆ ఒకవైపు టికెట్టుకే 34 వేలైంది. రావడానికి కొన్నది వాడుకోలేకపోయాను, పోతే పోయింది, వెళ్లడానికి కొన్నది ఉంది కదా అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే చెప్పిందట. మొదటి విమానం ఎక్కలేదు కాబట్టి మిగతా ప్రయాణం దానంతట అదే రద్దయిపోయింది, ఇప్పుడు వెళ్లాలంటే కొత్త టికెట్టు కొనుక్కోవాలి అని. ఫోన్‌లో ఆ పిల్లవాడి గొంతు వణుకుతోంది. ఎల్లుండి పొద్దున డ్యూటీలో ఉండాలి. నేను బయట రెయిలింగ్ పక్కన నిలబడి, కళ్లజోడు పైకి తోసుకుంటూ, ఫోన్‌లో నా కార్డు నంబరు కొట్టి టికెట్టు కొన్నాను. 29 వేలు. అదే ఎయిర్‌లైన్, అదే విమానం. అందులో అతను రెండు నెలల కిందట డబ్బు కట్టిన సీటు ఖాళీగానే ఉంది. దాన్నే అతనికి మళ్లీ అమ్మారు.

ఆ రాత్రి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. సెలవుల్లో కూర్చుని చదివాను, ట్రంకు రోడ్డులో ముప్ఫై ఏళ్లుగా టికెట్లు కొట్టే ఏజెంటు దగ్గర గంటల తరబడి అడిగి తెలుసుకున్నాను. తెలిసేకొద్దీ కోపం తగ్గలేదు గానీ, ఎక్కడ కోపపడాలో స్పష్టమైంది.

ముందు ఆ నియమం సంగతి. పెద్ద ఎయిర్‌లైన్స్ దృష్టిలో రానూపోనూ టికెట్టు రెండు ప్రయాణాలు కాదు, ఒకే సరుకు. అందులోని ముక్కలు వరుస తప్పకుండా వాడాలి. మొదటిది వదిలేస్తే తర్వాతివన్నీ పోతాయి. మన దేశంలో తిరిగే చౌక విమానాల్లో ఎటువైపుకి అటు విడిగా ధర కట్టి అమ్ముతారు. చెన్నై నుంచి ఢిల్లీకి, బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి తిరిగేవాళ్లకి ఇలాంటి నియమం ఒకటుందని తెలియకపోవడానికి కారణం అదే. పల్లె నుంచి గల్ఫ్‌కి వెళ్లే డ్రైవరుకి ఎలా తెలుస్తుంది?

ఎందుకు పెట్టారు ఆ నియమం? చాలా దూరపు మార్గాల్లో పెద్ద ఎయిర్‌లైన్స్ ఒకవైపు టికెట్టుని రానూపోనూ టికెట్టుకంటే ఎక్కువ ధరకి అమ్ముతాయి. ఒకవైపే వెళ్లాల్సినవాడు తెలివిగా రానూపోనూ కొని తిరుగు టికెట్టు పారేస్తే వాళ్ల లెక్క తప్పుతుంది. ఖరీదైన ఊరి నుంచి బయల్దేరేవాడు, చౌకైన ఊరి నుంచి మొదలయ్యే టికెట్టు కొని మధ్యలో ఎక్కితే ఇంకా తప్పుతుంది. ఆ దారులు మూయడానికే ఈ వరుస నియమం. అంటే ముందు ఒక వింత ధర పెట్టారు, తర్వాత దాన్ని కాపాడుకోవడానికి ఒక వింత షరతు పెట్టారు. మా పిల్లవాడు ఏ దారిలోనూ దూరలేదు. తండ్రి చనిపోతే వచ్చాడు. షరతుకి ఆ తేడా తెలియదు.

ఒకవైపు ఎందుకు ఎక్కువ? కావలిలో ఆర్టీసీ బస్సెక్కితే నెల్లూరుకి ఎంతో అటునుంచి ఇటు రావడానికీ అంతే. పినాకిని రైల్లో చెన్నై వెళ్లినా అంతే. దూరాన్ని బట్టి ఛార్జీ అనేది మన ఒంట్లో ఇంకిపోయిన లెక్క. విమానంలో ఆ లెక్క ఎప్పుడో పోయింది. అమెరికాలో 1978లో ప్రభుత్వం విమాన ఛార్జీల మీద అదుపు వదిలేసింది. అంతకు ఏడాది ముందే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సూపర్ సేవర్ పేరుతో చౌక టికెట్లు తెచ్చింది. చౌకగా కావాలంటే చాలా ముందుగా కొనాలి, వెళ్లినచోట కొన్ని రోజులైనా ఉండాలి. తర్వాత చాలా ఎయిర్‌లైన్స్ శనివారం రాత్రి అక్కడే గడపాలనే నిబంధన కూడా పెట్టాయి. కంపెనీ పని మీద తిరిగేవాడు శనివారానికి ఇల్లు చేరాలనుకుంటాడు, అతని టికెట్టుకి కంపెనీ కడుతుంది. సెలవుకి వెళ్లేవాడు శని, ఆదివారాలు ఉండే వస్తాడు, డబ్బు సొంత జేబులోది. ఎవరు ఎవరో అడక్కుండానే ఈ ఒక్క షరతుతో ఇద్దర్నీ వేరు చేశారు. రానూపోనూ కొనేవాడు సెలవువాడు, చౌకగా ఇవ్వొచ్చు. ఒకవైపు కొనేవాడు పని తొందరలో ఉన్నవాడు, ఎంతైనా ఇస్తాడు. ఆ ఊహ ఇప్పటికీ ఆ ధరల్లో కూర్చుని ఉంది.

దీని వెనక ఉన్న గణితం మాత్రం లెక్కల మాస్టారిగా నాకు నచ్చింది. బ్రిటన్ ఎయిర్‌లైన్ బీఓఏసీలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ అనే ఆయన 1972లో ఒక సూత్రం చెప్పాడు. పదో తరగతికి సంభావ్యత పాఠం చెప్పేటప్పుడు ఈమధ్య అదే బోర్డు మీద వేస్తున్నాను. ఒక సీటుంది. ఇప్పుడే 5,000కి కొనేవాడు ఎదురుగా ఉన్నాడు. ఆగితే చివర్లో 15,000 ఇచ్చేవాడు రావచ్చు, రాకపోవచ్చు. అమ్మాలా, ఆగాలా? 15,000 వాడు వచ్చే అవకాశం మూడింట ఒక వంతైతే రెండూ సమానం. అంతకంటే ఎక్కువ ఉందనిపిస్తే ఎదురుగా ఉన్నవాడికి లేదని చెప్పి సీటు దాచిపెట్టాలి. ఇంతే. విమానం గాల్లోకి లేచాక ఖాళీ సీటు విలువ సున్నా కాబట్టి ఈ లెక్క ప్రతి సీటుకీ చేస్తారు. ఈ వేసవిలో ఒక అమ్మాయి లేచి అడిగింది, “15,000 ఇచ్చేవాడు ఎవరు సార్?” అని. బాగా డబ్బున్నవాడు అని క్లాసంతా అరిచింది. నాకు అట్టపెట్టె గుర్తొచ్చింది. ఆ లెక్కలో 15,000 ఇచ్చేవాడు డబ్బున్నవాడే అయ్యుండక్కర్లేదు, వేరే దారి లేనివాడైనా చాలు.

ధర మారడం తప్పని నేను అనను. మా జిల్లాలో ఆ మాట ఎవరూ అనలేరు. గూడూరు, పొదలకూరు మార్కెట్లలో నిమ్మకాయల ధర ఎండాకాలం ఆకాశంలో ఉంటుంది, వానలు పడితే కోత కూలి కూడా రాదు. రొయ్యల ధర కౌంటుని బట్టి, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో దాన్ని బట్టి, రోజుని బట్టి. ఒంగోలు పొగాకు వేలంలో పక్కపక్కన పెట్టిన రెండు బేళ్లకి రెండు ధరలు. సంక్రాంతికి ప్రైవేటు బస్సులవాళ్లు ఏం చేస్తారో హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చే పిల్లలందరికీ తెలుసు. రైల్వేవాళ్లే 2016 సెప్టెంబరు నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో పది శాతం బెర్తులు నిండినప్పుడల్లా పది శాతం ఛార్జీ పెంచుతూ, ఒకటిన్నర రెట్ల దగ్గర ఆపే పద్ధతి తెచ్చారు. కానీ అక్కడ మెట్టు ఎంతో, ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పారు. ఇక నిమ్మకాయల వ్యాపారి ఎంత గట్టివాడైనా, రెండు బస్తాలకి డబ్బు కట్టి ఒకటి తీసుకెళ్లలేకపోతే రెండోది కూడా నీది కాదు, మళ్లీ కొనుక్కో అనడు. అంటే మార్కెట్లో నిలవలేడు. ధర వేరు, షరతు వేరు. నా పేచీ షరతుతో.

మా అమ్మ విషయంలో ఇంకో ముఖం చూశాను. మా అక్క పురుడికి సాయంగా అమ్మ డాలస్ వెళ్లింది. వెళ్లేటప్పుడు తిరుగు తేదీ చెప్పాలి, రానూపోనూ కొంటేనే చౌక, అని ఐదు నెలల తర్వాతి తేదీ వేసి కొన్నాం. పురుడు అనుకున్న తేదీకి జరుగుతుందా? బిడ్డ ముందే పుట్టి, కొన్నాళ్లు హాస్పిటల్లో ఉండాల్సి వచ్చింది. అమ్మ ఇంకో నాలుగు వారాలు ఉండాలి. తేదీ మార్చమంటే మార్పు రుసుము 15 వేలు, దాని పైన ఛార్జీ తేడా 41 వేలు అన్నారు. అదే సీటు, అదే విమానం, వేరే వారం. 41 వేల తేడా ఎక్కడిదని ఏజెంటుని అడిగితే అమ్మ టికెట్టు మీద ఒక చిన్న అక్షరాన్ని పెన్సిల్‌తో చుట్టాడు. నేను అన్నాళ్లూ దాన్ని పట్టించుకోలేదు.

ఎకానమీ సీట్లన్నీ చూడ్డానికి ఒకటే. లోపల వాటిని పది పన్నెండు అరలుగా విడదీసి, ఒక్కో అరకి ఒక ఇంగ్లీషు అక్షరం పెడతారు. వై అంటే పూర్తి ధర, షరతులు తక్కువ. కిందికి దిగేకొద్దీ ధర తగ్గుతుంది, షరతులు బిగుసుకుంటాయి. అమ్మ అక్షరం కింది అరలోది. కొత్త తేదీన ఆ అర అయిపోయింది, పైవి మాత్రమే ఉన్నాయి. ఆ పై అరకి ఎక్కడానికే 41 వేలు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, తిరుగు ప్రయాణం పెద్ద సీటులో రప్పిద్దాం అని అక్క ఆ ఎయిర్‌లైన్‌లో తిరిగి కూడబెట్టిన పాయింట్లు వాడబోయింది. అదీ కుదరలేదు. పాయింట్లతో సీటు మార్చుకునే వీలు పై అక్షరాలకే ఉంది. ముందు డబ్బు కట్టి ఎకానమీలోనే పై అక్షరానికి ఎక్కాలి, తర్వాత పాయింట్లు ఇవ్వాలి, ఆపైన పన్నులు. అన్నీ కూడితే, అదే ఎయిర్‌లైన్ ఆ వారం ఆఫర్‌లో అమ్ముతున్న బిజినెస్ క్లాసు ధర పక్కకి వచ్చి నిలబడింది. పూర్తి ధర ఎకానమీ కంటే ఆఫర్ బిజినెస్ తక్కువకి దొరకడం ఈ రంగంలో మామూలే. ఇక్కడి నుంచి కొనేవాళ్లకి పన్నులోనూ తేడా ఉంది. ఎకానమీకి జీఎస్టీ 5 శాతమే, బిజినెస్‌కి 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 18 అయింది. చివరికి అమ్మ చిన్న సీటులోనే వచ్చింది. చెన్నైలో దిగాక వీల్‌చైర్‌లో కూర్చుని బయటికి వస్తూ, కాళ్లు చూపించింది. చెప్పుల పట్టీ అచ్చు పడేంతగా వాచాయి.

ఈ అరల సంగతి తెలిస్తే ఒక్క చోట మాత్రం వెంటనే పనికొస్తుంది. నలుగురికి కలిపి వెతికినప్పుడు చౌక అరలో మూడే సీట్లుంటే, చాలా వ్యవస్థలు ఆ మూడూ వదిలేసి నలుగురికీ పై అర ధర చూపిస్తాయి. ఒక్కరికని వెతికి చూడండి. ధర తగ్గితే ముగ్గురికి ఒకసారి, ఒకరికి ఒకసారి కొనండి. పిల్లలతో వెళ్లేవాళ్లు సీట్లు విడిపోకుండా చూసుకోవాలి, అంతే. ఇంకోటి, మన దేశపు ఎయిర్‌లైన్స్ టికెట్టు వాడుకోకపోతే, డబ్బు తిరిగి రాని రకమైనా సరే, అందులోని ఎయిర్‌పోర్టు రుసుములూ పన్నులూ తిరిగి ఇవ్వాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ఉంది. అడిగేవాళ్లు తక్కువ. అడగండి.

అసలు వాదనకి వస్తాను. ఒకవైపు టికెట్టు కొనేది ఎవరు? ఈ ధరలు తయారైన కాలంలో, ఆ దేశంలో, కంపెనీ ఖర్చు మీద తిరిగే మేనేజరు. మా వైపు నుంచి చూస్తే? చావుకి వచ్చేవాడు. ఎప్పుడు డిశ్చార్జి చేస్తారో తెలియని రోగి పక్కన కూర్చోబోయేవాడు. పురుడు పోయడానికి వెళ్లే తల్లి. ఉద్యోగం పోయి, మళ్లీ వీసా వస్తుందో రాదో తెలియక గల్ఫ్ నుంచి దిగేవాడు. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది డబ్బు కాదు, తిరిగొచ్చే తేదీ తెలియకపోవడం. ఒకవైపు ధర ఎక్కువ పెట్టడమంటే ఆ తెలియకపోవడానికి జరిమానా వెయ్యడం. తెలియకుండానే ఏదో ఒక తేదీ వేసి రానూపోనూ కొంటే, తేదీ మార్చినందుకు జరిమానా. మొదటి సగం తప్పిపోతే రెండో సగమూ పోవడం మూడో జరిమానా. ఎటు తిరిగినా, అనుకోనిది జరిగిన ఇంట్లోనే వసూలు.

ఇది మార్చలేని ధర్మం ఏమీ కాదు. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2010లోనే ఈ వరుస షరతుని తప్పుపట్టింది. ప్రయాణికుడు ఒక ముక్క వదిలేస్తే, ఆ మిగిలిన ప్రయాణానికి కొన్ననాడు ధర ఎక్కువ ఉండి ఉంటే ఆ తేడా అడగొచ్చు గానీ, డబ్బు తీసుకున్న ప్రయాణాన్ని ఏకంగా నిరాకరించడం కుదరదన్నది ఆ తీర్పు సారం. 2018లో స్పెయిన్ సుప్రీంకోర్టు ఇలాంటి షరతే అన్యాయమంది. అదే ఏడాది బెర్లిన్‌లో ఇంకో కేసు తేలింది. ఓస్లో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సియాటిల్ వెళ్లిన ప్రయాణికుడు, తిరుగులో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దిగిపోయి, చివరి ముక్క వదిలేసి బెర్లిన్ వెళ్లాడు. లుఫ్తాన్సా అతని నుంచి ఛార్జీ తేడా కింద 2,112 యూరోలు ఇప్పించమని కోర్టుకెక్కింది. కోర్టు కొట్టేసింది. భోజనానికి డబ్బు కట్టి పెరుగు వదిలేసి లేచినవాడి మీద హోటలువాడు కేసు పెట్టడం ఊహించుకోండి.

మా మేనల్లుడు ఒకడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వాదనలో గట్టివాడు. ఆ షరతు తీసేస్తే రానూపోనూ ధరలు అందరికీ పెరుగుతాయి మామయ్యా, మీ కుర్రాడిలాంటి ఒక్కడి కోసం వందమంది ఎక్కువ కట్టాలా, అన్నాడు. కొట్టిపారేసే మాట కాదది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1992లో ఈ చిక్కులన్నీ తీసేసి నాలుగే రకాల ధరలు పెట్టి చూసింది. పోటీవాళ్లు వెంటనే ధరలు తెగ్గోశారు, కొన్ని నెలల్లోనే ఆ ప్రయత్నం విరమించుకుంది. నాకు మాత్రం దాంట్లో కనిపించేది వేరు. ఒక్క కంపెనీ మంచిగా ఉందామనుకుంటే పక్కవాడు ఉండనివ్వడు. అందుకే అందరికీ కలిపి ఒకే నియమం చెప్పే ప్రభుత్వం కావాలి. ఇక ధరలు పెరుగుతాయన్న మాటకి మన ఆకాశమే జవాబు. దేశంలోపల ఎటువైపుకి అటు విడిగానే అమ్ముతున్నారు, కోట్లమంది ఎక్కుతున్నారు. అక్కడ కుదిరింది సముద్రం దాటితే ఎందుకు కుదరదు?

మనకి చట్టం లేక కాదు. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 135వ నియమం, ఖర్చునీ సహేతుకమైన లాభాన్నీ చూసుకుని ఎయిర్‌లైన్స్ ఛార్జీలు నిర్ణయించుకోవాలని చెప్పింది. సహేతుకం అనే ఆ మాట ఇన్నేళ్లూ కాగితం మీద నిద్రపోయింది. తల్చుకుంటే లేపగలరని కూడా చూశాం. కరోనా తర్వాత 2020 మే 25న దేశంలోపల విమానాలు మళ్లీ మొదలైనప్పటి నుంచి 2022 ఆగస్టు 31 దాకా, ప్రయాణ సమయాన్ని బట్టి ఇంతకు తగ్గకూడదు, ఇంతకు మించకూడదని ప్రభుత్వమే హద్దులు గీసింది. నేను అంత కూడా అడగడం లేదు. ధర మీ ఇష్టం. డబ్బు కట్టిన ప్రయాణాన్ని మాత్రం, ఇంకో ప్రయాణం తప్పిపోయిందని లాక్కోవద్దు. ఎక్కకపోతే రెండోదీ పోతుందన్న మాట, పేజీల షరతుల కింద కాకుండా, టికెట్టు మీద తేదీ పక్కనే, కొన్నవాడు చదవగలిగే భాషలో పెద్ద అక్షరాలతో వెయ్యండి. చావుకో, ఆస్పత్రికో కాగితం చూపించినవాడికి తేదీ మార్పు రుసుము వదిలెయ్యండి. మన ఎంపీలు మా పక్కనే దగదర్తిలో కట్టాలనుకుంటున్న ఎయిర్‌పోర్టు గురించి మాట్లాడినంతలో పదో వంతు దీని గురించి మాట్లాడినా చాలు. రన్‌వే రేపు మన పొలాల పక్కకే వచ్చినా, అక్కడి నుంచి అమ్మే టికెట్టు ఇదే అయితే మా వీధికి ఒరిగేదేముంది?

పోయిన ఆదివారం ఆ పిల్లవాడు కువైట్ నుంచి ఫోన్ చేశాడు. నేను వద్దన్నా నా 29 వేలూ మూడు నెలల్లో పంపేశాడు. వచ్చే ఏడాది సెలవు గురించి మాట్లాడాడు. వాళ్లమ్మ ఇప్పుడు ఒక్కతే ఉంటోంది, షుగర్ ఎక్కువైంది, రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. వస్తే ఎన్నాళ్లుండాల్సి వస్తుందో తెలియదు. ఒకవైపు ఎంతో, రానూపోనూ ఎంతో రెండు అంకెలూ చదివి వినిపించాడు. రానూపోనూనే తక్కువ.

“తిరుగు తేదీ అడుగుతోంది సార్. ఏం వెయ్యమంటారు?”

నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను.